మిషన్ ఎక్కడికీ పోలేదు

తెలుగులో ‘పోయింది’ అన్నంత గడుసు మాట ఇంకోటి లేదు. కరెంటు పోయింది అంటే కాసేపట్లో వస్తుందని అర్థం. పెద్దాయన పోయాడు అంటే ఇక రాడని అర్థం. రంగు పోవటం వేరు, పరువు పోవటం వేరు, గుడి ముందు చెప్పులు పోవటం వేరు. మా చల్లపల్లిలోనే కాదు, అవనిగడ్డ నుంచి బందరు దాకా ఏ వడ్రంగి షెడ్డుకు వెళ్ళినా రూటర్ మిషన్ దగ్గర మాత్రం ఈ మాటకు ఒకటే అర్థం ఖాయమైపోయింది. ‘రూటర్ పోయిందండీ’ అన్నారంటే ఇక పాడె కట్టటమే. ఏం పోయింది, ఎక్కడ పోయింది అని అడిగినవాడు చాదస్తుడు.

వాదన ఇలా నడుస్తుంది. రూటర్ అనేది రెండేళ్ళ సరుకు. అది మొరాయించటం మొదలెట్టాక రిపేరుకు పెట్టే డబ్బు బూడిదలో పోసిన పన్నీరు. పాతది ఇనప సామాన్లవాడికి తూకానికి వేసి, విజయవాడ వెళ్ళి కొత్తది తెచ్చుకోవటమే లెక్కగల మనిషి పని. ఈ మాట మిషన్లు అమ్మేవాడు చెప్పాడంటే అర్థం ఉంది, అది అతని బేరం. పనిచేసే మేస్త్రీలే చెబుతున్నారు, ఇల్లు కట్టించుకునే ఆసామీ చెబుతున్నాడు, నిన్నగాక మొన్న పనిలో చేరిన కుర్రాడు కూడా తల ఊపుతున్నాడు. ముప్పై ఏళ్ళుగా చెక్క పొట్టులో బతుకుతున్న మనిషిగా నేను చెప్పేది ఒకటే: ఈ మాట మొదలంటా తప్పు. పోయిందని పారేసిన రూటర్లు పది విప్పి చూస్తే, నా చేతికి వచ్చినంతవరకు, మోటారు నిజంగా కాలినవి ఒకటో రెండో. మిగతావన్నీ బిట్టు చేసిన తప్పుకో, వైరు చేసిన తప్పుకో, మన చెయ్యి చేసిన తప్పుకో శిక్ష పడినవి.

ఈ మిషన్‌ను దగ్గరగా చూడనివాళ్ళకు రెండు ముక్కలు. ప్లంజ్ రూటర్ అంటే రెండు పిడుల మధ్య నిలువుగా నిలబడ్డ మోటారు. కింద పళ్ళెంలాంటి బేసు. బేసు మీద రెండు ఉక్కు కాళ్ళు, వాటిలో స్ప్రింగులు. లాకు వదిలి రెండు పిడులూ నొక్కితే తిరుగుతున్న బిట్టు, అంటే కోసే ముక్క, చెక్కలోకి దిగుతుంది, ఒత్తిడి తీస్తే స్ప్రింగులు మోటారును పైకి లేపుతాయి. తలుపు చెక్క మధ్యలో గాడి తియ్యాలన్నా, గుమ్మం అంచుకు గోళీ కొట్టాలన్నా, పూజగది తలుపు మీద లతలు తిప్పాలన్నా ఇప్పుడు ఇదే. జర్మనీలో ఎలూ అనే కంపెనీ రెండో ప్రపంచ యుద్ధం తర్వాతి రోజుల్లో ఈ ఎత్తి దించే పద్ధతికి పేరు తెచ్చింది. 1984లో ఆ కంపెనీని బ్లాక్ అండ్ డెకర్ కొనేసింది. రంగులు మారాయి, పేర్లు మారాయి, లోపలి కథ మాత్రం అదే: ఒక మోటారు, రెండు కాళ్ళు, ఒక లాకు, బిట్టును పట్టుకునే ఒక కాలెట్టు. ఇన్ని దశాబ్దాలుగా మారని యంత్రానికి జబ్బులు కూడా మారవు. వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అలాంటిదాన్ని అంతుపట్టని రోగమన్నట్టు చూడటమే నాకు మింగుడుపడని సంగతి.

మొదటి ఫిర్యాదు తీసుకుందాం, ఎక్కువగా వినపడేది ఇదే కాబట్టి. ‘లోతు నిలవట్లేదు బాబాయ్. ఎనిమిది మిల్లీమీటర్లు పెడితే ఈ చివర ఎనిమిది వస్తోంది, ఆ చివర పదకొండు. మిషన్ లాకు పోయింది.’

ఇక్కడే ఆగాలి. లాకు జారితే ఏమవుతుంది? కాళ్ళలో స్ప్రింగులున్నాయి. వాటి పని పైకి లేపటం. లాకు జారితే మోటారు పైకి తేలుతుంది, గాడి లోతు తగ్గుతుంది. లోతు పెరుగుతోందంటే లాకుకు దాంతో సంబంధమే లేదు, బిట్టు కాలెట్టులోంచి కిందికి జారుతోందని అర్థం. లోతు తగ్గితే లాకు, పెరిగితే కాలెట్టు. ఇంత చిన్న సంగతి తెలియక లాకు విప్పి, నట్టు తిప్పి, చివరికి పిడి విరగ్గొట్టినవాళ్ళను నేను చూశాను. అనుమానం తీరాలంటే ప్లగ్గు పీకేసి, బిట్టు కాడ మీద కాలెట్టు నట్టు అంచున సన్నగా మార్కరు గీత గియ్యండి. మూరెడు గాడి తీసి మళ్ళీ ప్లగ్గు పీకి చూడండి. గీత నట్టుకు దూరం జరిగితే దొంగ దొరికినట్టే.

కాలెట్టు ఎందుకు వదిలేస్తుంది? దీని వెనక మన బజారు చేసే మాయ ఒకటుంది. కొట్లో ‘పావంగుళం బిట్టు’, ‘ఆరు ఎంఎం బిట్టు’ ఒకే డబ్బాలో ఉంటాయి. పావంగుళం అంటే 6.35 మిల్లీమీటర్లు. ఆరుకూ దానికీ తేడా మిల్లీమీటరులో మూడో వంతు, కంటికి ఆనదు. పావంగుళం కాలెట్టులో ఆరు ఎంఎం కాడ దూర్చి బిగిస్తే బిగిసినట్టే ఉంటుంది. 22,000 చుట్లు తిరిగి చెక్కను కొరికేటప్పుడు ఉండదు. అరంగుళం కాలెట్టులో 12 ఎంఎం కాడ పెట్టటం ఇంకా ఘోరం. అరంగుళం అంటే 12.7. ఏడు పాయింట్ల ఖాళీ. అది గాడి పాడుచెయ్యటంతో ఆగితే మంచిరోజు. ఊడొచ్చిన బిట్టు ఎటు పోతుందో దానికే తెలియదు.

నేనేదో పుట్టుకతో తెలిసినవాడిలా మాట్లాడుతున్నానని అనుకోకండి. ఓ ఇంటి ఎనిమిది తలుపులకు గాడులు తీస్తూ సరిగ్గా ఈ తప్పే చేశాను. నెల రోజులు లాకును తిట్టుకున్నాను. రెండు తలుపులు నా ఖర్చుతో మళ్ళీ చేసిచ్చాను. ఒకరోజు బిట్టు తీస్తుంటే కాడ చుట్టూ నల్లటి రాపిడి చారలు కనపడ్డాయి. కాలెట్టు లోపల కూడా అవే చారలు. కాడ చేతిలో పట్టుకుని వెర్నియర్‌తో కొలిస్తే 5.98. కాలెట్టు మీద సన్నగా చెక్కి ఉన్న అంకె చూస్తే పావంగుళం. ఆ అంకె మిషన్ కొన్ననాటి నుంచీ అక్కడే ఉంది.

ఇంకో అలవాటు. బిట్టును అడుగుకంటా దింపి బిగిస్తే గట్టిగా ఉంటుందని మనవాళ్ళ నమ్మకం. నట్టు బిగిసేటప్పుడు కాలెట్టు బిట్టును కాస్త లోపలికి లాక్కుంటుంది. అడుగు తగిలి ఉంటే లాక్కోటానికి చోటుండదు, పట్టు సగమే పడుతుంది. అడుగు తాకించి, రెండు మూడు మిల్లీమీటర్లు పైకి తీసి, అప్పుడు బిగించాలి. ఇందులో పైసా ఖర్చు లేదు.

రెండో ఫిర్యాదు: ‘చెక్క మాడుస్తోంది.’ టేకు గుమ్మం అంచున నల్లటి చార, షెడ్డంతా కమురు వాసన. వెంటనే తీర్పు: మోటారులో దమ్ము పోయింది. నిజానికి మాడిన తీరే సంగతంతా చెబుతుంది, చూసే ఓపికుంటే. మూలల్లోనూ చెయ్యి ఆగిన చోట్లలోనూ మాత్రమే నలుపు ఉంటే, తప్పు చేతిది. బిట్టు ఒకేచోట తిరుగుతూ చెక్కను కొయ్యకుండా రుద్దింది. పొడవునా మాడితే బిట్టు మొద్దుబారింది, లేదా మరీ వేగంగా తిరుగుతోంది. ఈ వేగం సంగతి చాలామంది లెక్కలోకే తీసుకోరు. 22,000 చుట్ల మీద 12 ఎంఎం బిట్టు అంచు గంటకు 50 కిలోమీటర్ల వేగంతో కదులుతుంది. అదే చుట్ల మీద 50 ఎంఎం మౌల్డింగు బిట్టు పెడితే దాని అంచు వేగం గంటకు 200 కిలోమీటర్లు దాటుతుంది. మా ఊరి మీదుగా పోయే 216 హైవే మీద ఏ కారూ పోలేని వేగం అది. పెద్ద బిట్టుకు వేగం డయలు తిప్పి పది, పన్నెండు వేలకు దించాలి. డయలు లేని మిషన్ అయితే అంత బిట్టు దానికి పెట్టనేకూడదు. పెట్టి, మాడ్చి, మిషన్‌ను తిట్టటం ఏం న్యాయం?

మొద్దుబారటం గురించి ఒక మాట ఎక్కువ చెప్పాలి. టేకులో సిలికా ఉంటుంది, అంటే సన్నటి ఇసకలాంటిది చెక్కలోనే పుట్టి ఉంటుంది. ప్లైవుడ్డులో ఎండిన జిగురు పొరలుంటాయి. రెండూ బిట్టు పదును తినేస్తాయి. ఉలికి సాన పట్టని వడ్రంగి ఈ డెల్టాలో ఎవడూ లేడు. పెడనలో కలంకారీ అచ్చులు చెక్కేవాళ్ళను చూడండి. టేకు దిమ్మ మీద వెంట్రుక మందాన గీత తెగకపోతే వాళ్ళ చెయ్యి సానరాయి మీదికి పోతుంది, కొట్టుకు పోదు. అదే వడ్రంగి చేతికి రూటరు వచ్చేసరికి ఆ తెలివి ఏమైపోతోంది? బిట్టు పళ్ళ మధ్య గడ్డకట్టిన జిగురును కిరసనాయిల్లో నానబెట్టి పాత పళ్ళబ్రష్షుతో తోమితే సగం మాడటం అక్కడే ఆగుతుంది. మిగతా సగానికి, పన్ను లోపలివైపు చదునుగా ఉండే ముఖాన్ని వజ్రపు సానబిళ్ళ మీద నాలుగుసార్లు లాగితే చాలు. వంపున్న బయటివైపు మాత్రం ముట్టుకోకూడదు, ఆకారం చెడుతుంది. ఒక పన్ను ఎక్కువ అరిగితే అదురు పుడుతుంది.

అదురు అన్నాను కాబట్టి, ‘బేరింగు పోయింది’ అనే తీర్పు కూడా చూడాలి. మిషన్ వణుకుతుంటే బిట్టు, కాలెట్టు, నట్టు మూడూ తీసేసి ఖాళీగా ఆడించండి. వణుకు పోతే నేరం తీసేసినవాటిలో ఉంది. ఉంటే అప్పుడు బేరింగును అనుమానించండి. అప్పుడు కూడా అది బజార్లో దొరికే బేరింగే, నంబరు చూసి తెచ్చుకోవచ్చు.

మూడోది నాకు కాస్త నవ్వు తెప్పించేది. ‘మిషన్ దిగట్లేదు, దిగితే లేవట్లేదు, స్ప్రింగు పోయింది.’ స్ప్రింగు పోవటం నేను ఇంతవరకు చూడలేదు. చూసిందల్లా కాళ్ళ మీద పేరుకున్న ముద్ద. ఎవరో మహానుభావుడు ‘బాగా జారుతుంది’ అని గ్రీజు పూస్తాడు. గ్రీజు మీద సన్న పొట్టు పడుతుంది. వానాకాలం మా వైపు గాలిలోనే నీళ్ళుంటాయి, సముద్రం దగ్గర కాబట్టి ఉప్పు కూడా. నెల తిరిగేసరికి ఆ కాళ్ళకు పట్టింది గ్రీజూ కాదు, పొట్టూ కాదు, చలిమిడి. కిరసనాయిలు గుడ్డతో తుడిచి, తుప్పు చుక్కలుంటే సన్న ఎమెరీతో మెల్లగా తీసి, ఆరాక కొవ్వొత్తి మైనం పల్చగా రుద్దితే మిషన్ పెళ్ళికూతురిలా దిగి లేస్తుంది. 2014 నవంబరు నుంచి తెల్లవారుజామునే వీధిలోకొచ్చి చీపురు పట్టే కార్యకర్తలున్న ఊరు మాది, స్వచ్ఛ చల్లపల్లి అంటే రాష్ట్రమంతా ఎరుగుదురు. రోడ్డు ఊడవటానికి లేని నామోషీ మిషన్ కాళ్ళు తుడవటానికి ఎందుకో! ఒక్కటి మాత్రం చూసుకోవాలి: ఒక పిడినే నొక్కితే ఎంత శుభ్రమైన కాలైనా పట్టేస్తుంది. రెండు చేతులూ సమానంగా.

ఇక పెద్ద కేసు. ‘లాగట్లేదు. చెక్కలో పెట్టగానే గొంతు పడిపోతోంది. కాయిలు పోయింది.’ ఈ మాట వినగానే నేను మిషన్ వంక చూడను, నేల వంక చూస్తాను. నేల మీద పాములా చుట్టుకుని ఒక సన్న వైరు ఉంటుంది, టేబుల్ ఫ్యాను కోసం కొన్నది. 1,650 వాట్ల రూటర్ 230 వోల్టుల మీద 7 ఆంపియర్లకు పైగా లాగుతుంది. వైరు 30 మీటర్లు, అంటే కరెంటు రానూ పోనూ 60 మీటర్లు నడవాలి. లోపలి రాగి 0.75 చదరపు మిల్లీమీటర్లయితే ఆ దారిలోనే 10 వోల్టులు ఆవిరైపోతాయి. అదే 2.5 వైరు అయితే పోయేది మూడు. ఈ పది ఒక్కటే అయితే మిషన్ ఓర్చుకుంటుందేమో. సాయంత్రం వేళ మా షెడ్డు సాకెట్టులోనే నా మీటరు 195 చూపించిన రోజులున్నాయి. దాన్లోంచి పది తీస్తే మిగిలేదెంత? వోల్టు తగ్గితే చుట్లు తగ్గుతాయి, లోపలి ఫ్యాను గాలి తగ్గుతుంది. పని సాగట్లేదని మనం ఇంకా గట్టిగా తోస్తాం, ఆ తోపుకు మిషన్ కరెంటు ఇంకా లాగుతుంది, లాగింది వేడవుతుంది. నిక్షేపంలాంటి కాయిలును ఇలా రోజూ కాస్త కాస్త కాల్చి, చివరికి అది కాలాక ‘చెప్పానా, కాయిలు పోయిందని’ అంటాం. జోస్యం నిజమైంది మరి, నిజం చేసింది మనమే.

కొన్నిసార్లు నిజంగానే లోపల లోపముంటుంది, అయినా అది చావు కాదు. పక్క కిటికీల్లోంచి మంటలాంటి నిప్పురవ్వలు, ఆగి ఆగి తిరగటం, ఒక్కసారిగా మూగబోవటం. ఇది కార్బన్ల పని. మోటారుకు రెండు పక్కలా చిన్న నల్లటి మూతలుంటాయి. స్క్రూడ్రైవరుతో తిప్పితే వేలి గోరంత బొగ్గు ముక్క స్ప్రింగుతో సహా బయటికొస్తుంది. అయిదారు మిల్లీమీటర్లకు అరిగిందంటే దాని ఆయుష్షు అయిపోయింది. అరిగిపోవటమే దాని పుట్టుక, లోపల తిరిగే రాగి పట్టీలు అరగకుండా తను అరగటానికే దాన్ని పెట్టారు. జత మార్చాలి, ఒక్కటే మార్చకూడదు. ఇద్దరు మనుషులు టిఫిను చేసిన ఖర్చులో తేలుతుంది. కొన్ని మిషన్లలో కార్బన్ అరగ్గానే దానంతటదే పట్టు వదిలి మోటారును ఆపేస్తుంది, రాగి పాడవకూడదని. కంపెనీవాడు మోటారును కాపాడటానికి పెట్టిన ఏర్పాటు మన షెడ్డులో మరణ ధ్రువపత్రం అయిపోయింది. అసలు స్విచ్చి నొక్కినా చప్పుడే లేకపోతే ఇంకా ముందు, వైరు మిషన్లోకి దూరే చోట నాలుగు వేళ్ళ మేర వంచి చూడండి. రోజూ మడతపడే చోటు అది, లోపల తీగ తెగి పైన రబ్బరు నవనవలాడుతుంటుంది.

అవతలివాళ్ళ మాటలో బలం లేదని నేననను. ‘నాకు రోజు కూలి పోతుంది, విప్పుకుంటూ కూర్చుంటే ఇంటాయన ఒప్పుకుంటాడా?’ అని ఒక మేస్త్రి నన్ను నిలదీశాడు. న్యాయమైన మాటే. కానీ కొత్త మిషన్ కోసం బస్సెక్కి విజయవాడ వెళ్ళి రావటానికి పూట పోదా? నేను పైన చెప్పినవన్నీ, కార్బన్లతో సహా, ఓ గంటలో చూసెయ్యొచ్చు. పైగా కొత్త మిషన్ అదే వైరుకు, అదే మొద్దు బిట్టుకు, అదే చేతికి వస్తుంది. ఆరు నెలల్లో అదీ ‘పోతుంది’. అప్పుడు ‘ఈ చైనా సరుకు ఇంతే’ అని ఇంకో మాట పుడుతుంది. సరుకు నాసిదైతే నాసిదే, కాదనను. చవక మిషన్‌లో కాలెట్టు మొదటినుంచే వంకరగా తిరుగుతుండొచ్చు, కాళ్ళు కాస్త వదులుగా ఉండొచ్చు. అయితే జపాన్ మిషన్‌కు కార్బన్ అరగదా? జర్మనీ మిషన్‌కు టేకు మెత్తబడుతుందా? ఖరీదైన మిషన్ కొంటే తప్పు చేసే స్వేచ్ఛ కూడా దాంతో వస్తుందని అనుకునేవాళ్ళకు నేను చెప్పగలిగింది లేదు.

నిజంగా పోయిన మిషన్ ఎలా ఉంటుందో కూడా చెబుతాను. మోటారు లోపల తిరిగే ఆర్మేచరు రాగి పట్టీలలో కొన్ని నల్లగా మాడి ఉంటాయి, కొత్త కార్బన్లు వేసినా చుట్టూ నిప్పుల ఉంగరం తిరుగుతుంది, వార్నిషు కాలిన ఘాటు వాసన రెండో రోజు కూడా పోదు. కింద పడి కాలు వంగితే అది కూడా అంతే. ఇనుమును సుత్తితో నిటారు చేసినా మునుపటిలా జారదు. వైండింగు చేసేవాళ్ళు విజయవాడ ఆటోనగర్‌లో ఇప్పటికీ ఉన్నారు. మంచి మిషన్ అయితే వాళ్ళ దగ్గరికి, చవకది అయితే ఇనప సామాన్లవాడి దగ్గరికి. అప్పుడు నేను కూడా మీతోపాటే ‘పోయింది’ అంటాను.

నా షెడ్డులో ఇప్పుడు వాడే పెద్ద రూటర్ తూకానికి పోయినదే. మా బజారులో ఓ మేస్త్రి దాన్ని ఇనప సామాన్ల బండికి వేస్తుంటే, బండివాడి తక్కెడలోంచి తీసి కిలో లెక్కన డబ్బులిచ్చి తెచ్చుకున్నాను. ఒక కార్బన్ అరిగి గింజంత మిగిలింది, రెండోది గూట్లో ఇరుక్కుంది. అంతే. తొమ్మిదేళ్ళవుతోంది, మధ్యలో కార్బన్లు మూడు జతలు మార్చాను.

మొన్న వారం ఆ మేస్త్రే ఫోన్ చేశాడు.

‘బాబాయ్, నీ మిషన్ ఓ రెండ్రోజులు ఇస్తావా? ఘంటసాలలో గుమ్మాలు ఒప్పుకున్నాను. నాది పోయింది.’

‘గాడి లోతుగా పోతోందా, పైకి తేలుతోందా?’ అన్నాను.

అవతల కాసేపు చప్పుడు లేదు. ఎవరో సుత్తితో కొడుతున్న శబ్దం మాత్రం వినపడింది.

‘చూసి చెప్తానుండు,’ అని పెట్టేశాడు.